చీటీలో ‘ఇమ్యూన్ ప్యానెల్’ అని ఉంటే: గర్భధారణ తొలి రోజుల సైటోకైన్ పరీక్షలను చదివే పద్ధతి

చెన్నైలోని సంతాన సాఫల్య కేంద్రాలకు నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి, చిత్తూరు వైపుల నుంచి వచ్చే తెలుగు దంపతులు చాలామంది ఉంటారు. నగరంలోనే తరతరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లు వీరికి అదనం. ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ (ల్యాబులో పెంచిన పిండాన్ని గర్భాశయంలో ఉంచడం) ఒకటి రెండు సార్లు ఫలించకపోయినా, నిలిచిన గర్భం మొదటి మూడు నెలల్లోనే పోయినా, ఆ తరువాత చేతికి వచ్చే చీటీలో ‘ఇమ్యూన్ ప్యానెల్’ అన్న మాట కొన్నిచోట్ల కనబడుతుంది. దాని కింద ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాల శాతం, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ఫెరాన్ గామా, ఇంటర్‌ల్యూకిన్ 6, ఇంటర్‌ల్యూకిన్ 10, టీహెచ్1–టీహెచ్2 నిష్పత్తి వంటి పేర్లు వరసగా ఉంటాయి. ఇవన్నీ రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి వాడే సైటోకైన్లు అనే అణువులకు, వాటిని తయారుచేసే కణాలకు సంబంధించినవి. పరీక్షల ఖర్చు వేలల్లో ఉంటుంది, వాటి ఆధారంగా రాసే మందుల ఖర్చు అంతకంటే ఎక్కువగా ఉంటుంది.

అటువంటి చీటీని ఎలా చదవాలో, రక్తం ఇచ్చే ముందు ఏమి కనుక్కోవాలో, ఏ పరీక్షలు నిజంగా ముందు వరసలో ఉండాలో ఇక్కడ వివరిస్తాను. నా వాదన ఒక్కటే. ఈ అణువులు చేసే పని అవి ఏ చోట, ఏ రోజున వెలువడ్డాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది కనుక, చేతి నరం నుంచి ఒకనాడు తీసిన రక్తంలోని అంకె గర్భాశయం లోపల జరుగుతున్నదానికి సాక్ష్యం కాజాలదు. ఈ విషయం మనసులో పెట్టుకుంటే డాక్టరును అడగవలసిన ప్రశ్నలు వాటంతట అవే స్ఫురిస్తాయి.

ముందు రోజుల లెక్క తెలుసుకోండి

అండం విడుదలై ఫలదీకరణ జరిగాక, సుమారు ఐదో రోజుకు పిండం బ్లాస్టోసిస్ట్ దశకు చేరుతుంది. ఆ తరువాత తన పై పొరను చీల్చుకొని బయటపడి గర్భాశయపు లోపొరకు అంటుకోవడం మొదలుపెడుతుంది. అమెరికాలో అలెన్ విల్‌కాక్స్ బృందం 1999లో ప్రచురించిన పరిశోధనలో స్త్రీల మూత్రంలో గర్భాన్ని సూచించే హెచ్‌సీజీ హార్మోను మొదటిసారి కనిపించిన రోజును లెక్కించారు. ఆరు వారాలు దాటి నిలిచిన గర్భాలలో 84 శాతం అండం విడుదలైన 8, 9, 10 రోజులలోనే అంటుకున్నాయి. 9వ రోజు లోపల అంటుకున్న వాటిలో 13 శాతమే తొలి వారాలలో పోగా, 11వ రోజు దాటాక అంటుకున్న వాటిలో 82 శాతం నిలవలేదు. అంటే గర్భాశయం పిండాన్ని స్వీకరించగలిగే వ్యవధి నెలలో కొద్ది రోజులు మాత్రమే. ఆ కొద్ది రోజులను తెరిచేదీ మూసేదీ ముఖ్యంగా ప్రొజెస్టిరాన్ హార్మోనే అయినా, ఆ హార్మోను చెప్పిన పనిని లోపొరలో చేసిపెట్టేవాటిలో సైటోకైన్లు ముఖ్యమైనవి.

వీటిలో మొదట చెప్పుకోవలసింది ఎల్‌ఐఎఫ్. దీని పూర్తి పేరు ల్యుకీమియా ఇన్హిబిటరీ ఫ్యాక్టర్, ఇది ఇంటర్‌ల్యూకిన్ 6 కుటుంబానికి చెందినది. 1992లో కోలిన్ స్టీవర్ట్ బృందం ఈ అణువును తయారుచేసే జన్యువు లేని ఎలుకలను పరిశీలించింది. ఆ ఆడ ఎలుకలలో అండాలు ఫలదీకరణ చెందాయి, బ్లాస్టోసిస్టులు కూడా ఏర్పడ్డాయి, కానీ ఏదీ గర్భాశయానికి అంటుకోలేదు. అవే పిండాలను మామూలు ఎలుకల గర్భాశయంలోకి మార్చినప్పుడు చక్కగా అంటుకొని పెరిగాయి. లోపం పిండంలో లేదు, తల్లి పంపవలసిన కబురులో ఉంది. ఇంటర్‌ల్యూకిన్ 11 కు స్పందించలేని ఎలుకలలో పిండం అంటుకున్నా, లోపొర దాన్ని పోషించే డెసిడువాగా సరిగ్గా మారలేకపోయింది. మనుషులలో ఈ మార్పు పిండం వచ్చినా రాకపోయినా ప్రతి నెలా మొదలవుతుంది, గర్భం లేకపోతే ఆ పొరే బహిష్టులో వెళ్లిపోతుంది. ఎలుకలలో మాత్రం పిండం వచ్చి తాకితే తప్ప అది మొదలు కాదు. ఎలుకల మీద తేలిన ఫలితాన్ని మనుషులకు నేరుగా అన్వయించే ప్రకటనలను చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఇక్కడ చాలామంది అపోహ పడే సంగతి ఒకటి ఉంది. గర్భధారణ అంటే తల్లి రోగనిరోధక వ్యవస్థ నిద్రపోవడమని, వాపును కలిగించే సైటోకైన్లన్నీ శత్రువులని అనుకుంటారు. ఈ ఆలోచనకు పాత చరిత్రే ఉంది. తండ్రి నుంచి సగం జన్యువులు తెచ్చుకున్న బిడ్డను తల్లి శరీరం పరాయి కణజాలంగా ఎందుకు తిప్పికొట్టదు అన్న ప్రశ్నను పీటర్ మెడావర్ 1953లో లేవనెత్తాడు. 1993లో థామస్ వెగ్‌మన్ బృందం దానికి ఒక సమాధానం సూచించింది. దాని ప్రకారం గర్భం నిలవాలంటే దాడిని ప్రేరేపించే టీహెచ్1 తరహా సైటోకైన్లు తగ్గి, టీహెచ్2 తరహావి పైచేయి సాధించాలి. చీటీలో కనిపించే నిష్పత్తి ఆ సూచన నుంచి పుట్టినదే. తరువాతి పరిశోధన ఈ చిత్రాన్ని చాలావరకు మార్చింది. పిండం అంటుకునే రోజులలో లోపొరలో జరిగేది నిజానికి అదుపులో ఉన్న ఒక వాపు ప్రక్రియే. ఇంటర్‌ల్యూకిన్ 1, ఇంటర్‌ల్యూకిన్ 6, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, కణాలను రప్పించే కీమోకైన్లు అప్పుడు అక్కడ సహజంగానే ఉంటాయి, ఉండాలి కూడా. ఆ తరువాత పరిస్థితి నెమ్మదించి, దాడిని అదుపుచేసే నియంత్రణ టీ కణాలు, వాపును తగ్గించే ఇంటర్‌ల్యూకిన్ 10, టీజీఎఫ్ బీటా వంటివి ముందుకు వస్తాయి. ప్రసవ సమయానికి మళ్లీ వాపు ప్రక్రియ తలెత్తుతుంది. పాలకు తోడు పెట్టడంలో తోడు ఎంతన్నదానికంటే పాలు గోరువెచ్చగా ఉన్న వేళ చూసి పెట్టడం ముఖ్యమైనట్టే, ఇక్కడా అణువు ఎంత ఉందన్నదానికంటే ఏ దశలో ఉందన్నది ముఖ్యం.

ఎన్‌కే కణాల శాతాన్ని ఎలా చూడాలి

ప్యానెల్‌లో అందరినీ ఎక్కువగా బెంబేలెత్తించే అంకె ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను. రక్తంలోని లింఫోసైట్లనే తెల్లకణాలలో ఎన్‌కే కణాలు సాధారణంగా 5 నుంచి 15 శాతం వరకు ఉంటాయి, వాటిలో పదింట తొమ్మిది వంతులు కణాలను చంపగల తరహావి. గర్భాశయంలో ఉండే ఎన్‌కే కణాలు వేరే జాతివి. వాటి పైన సీడీ56 గుర్తు చాలా ఎక్కువగా ఉంటుంది, సీడీ16 గుర్తు దాదాపుగా ఉండదు, చంపే శక్తి బాగా తక్కువ. మొదటి మూడు నెలల్లో డెసిడువాలోని తెల్లకణాలలో సుమారు 70 శాతం ఇవే. లోపొర కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్ 15 వీటిని పోషిస్తుంది. ఇవి తిరిగి రక్తనాళాలను పెంచే అణువులను, పిండపు బయటి కణాలైన ట్రోఫోబ్లాస్టులను లోపలికి పిలిచే కీమోకైన్లను విడుదల చేస్తాయి. గర్భాశయంలోని సన్నని మెలికల ధమనులు వెడల్పై మావికి రక్తం ధారాళంగా అందేలా మారడంలో వీటికి పాత్ర ఉంది. మోతాదుకు మించి ఉంటే బిడ్డను చంపేస్తాయన్న భయానికి ఈ కణాల నడవడిలో ఆధారం లేదు. అవి సరిగ్గా పనిచేయకపోవడమే తరువాతి నెలల్లో మావికి సంబంధించిన ఇబ్బందులకు ఒక కారణం కావచ్చునని కేంబ్రిడ్జిలో ఆష్లీ మొఫెట్ బృందం చేసిన జన్యు పరిశోధన సూచిస్తోంది.

అందుచేత రక్తంలో ఎన్‌కే కణాలు 18 శాతం ఉన్నాయన్న రిపోర్టు గర్భాశయంలోని ఎన్‌కే కణాల గురించి ఏమీ చెప్పదు. లోపొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ ద్వారా లెక్కించే పద్ధతి ఉంది కానీ, అక్కడా చిక్కు ఉంది. అండం విడుదలయ్యాక ఈ కణాల సంఖ్య రోజురోజుకూ వేగంగా పెరుగుతుంది కనుక, బయాప్సీ రెండు రోజులు అటూ ఇటూ అయితే లెక్కే మారిపోతుంది. ఏ స్థాయిని ‘ఎక్కువ’ అనాలన్న దానిపైన ప్రయోగశాలల మధ్య ఏకాభిప్రాయం లేదు.

రక్తం ఇచ్చే ముందు కనుక్కోవలసినవి

ఇంత చెప్పిన తరువాత కూడా పరీక్ష చేయించుకోవాలనే నిర్ణయానికి వస్తే, కనీసం ఆ అంకె నమ్మదగినదిగా ఉండేలా చూసుకోవాలి. సైటోకైన్లు రక్తంలో ఒక మిల్లీలీటరుకు కొన్ని పీకోగ్రాముల మేర మాత్రమే ఉంటాయి. పీకోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు. ఇంత సూక్ష్మమైన కొలతను చిన్న చిన్న విషయాలు తారుమారు చేస్తాయి. తీసిన రక్తాన్ని వెంటనే వేరుచేసి శీతలీకరించకుండా గంటల తరబడి ఉంచితే, ట్యూబులోని తెల్లకణాలే సైటోకైన్లను విడుదల చేసి అంకెను పెంచేయగలవు. కాబట్టి టి.నగర్‌లోనో వడపళనిలోనో రక్తం ఇచ్చినప్పుడు, ఆ నమూనాను అక్కడే పరీక్షిస్తారా, లేక కొరియర్‌లో మరో నగరానికి పంపుతారా, పంపితే ఎంతసేపట్లో సీరం వేరుచేస్తారు అని కౌంటరు దగ్గరే అడగండి. ఎన్‌కే కణాల చంపే శక్తిని కొలిచే పరీక్షకైతే బతికున్న కణాలు కావాలి కనుక, దూరప్రయాణం చేసిన నమూనా ఫలితాన్ని మరింత అనుమానంతో చూడాలి.

ఆ వారంలో జ్వరం, జలుబు, పంటి చిగుళ్ల వాపు, టీకా, ఏదైనా ఉంటే పరీక్షను వాయిదా వేయడం మంచిది. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల నెలల్లో డెంగీ, వైరల్ జ్వరాలు ప్రబలుతాయి. జ్వరం తగ్గినంత మాత్రాన సైటోకైన్లు ఆ రోజే మామూలు స్థాయికి రావు. ఊబకాయం, పొగతాగడం, నిద్రలేమి కూడా ఇంటర్‌ల్యూకిన్ 6 ను ప్రభావితం చేస్తాయి. తెల్లవారుజామున నెల్లూరులో రైలెక్కి పరగడుపున వచ్చి రక్తం ఇచ్చే వారికి ఈ విషయం ఎవరూ చెప్పరు. బహిష్టు ఎన్నో రోజున రక్తం ఇచ్చారో కూడా రిపోర్టు మీద రాయించుకోవాలి. ఆ వివరం లేని రిపోర్టును మరో డాక్టరు చదవడం కష్టం.

రిపోర్టు చేతికి వచ్చాక మొదట కొలమానం చూడండి, తరువాత ఆ యంత్రం కొలవగల కనిష్ఠ స్థాయి ఎంతో చూడండి. కనిష్ఠ స్థాయికి దగ్గరగా ఉన్న రెండు అంకెలను ఒకదానితో ఒకటి భాగించి వచ్చిన నిష్పత్తి చిన్నపాటి పొరపాటుకే రెట్టింపు కాగలదు. టీహెచ్1–టీహెచ్2 నిష్పత్తిని కొలిచేటప్పుడు చాలా ల్యాబులు రక్తకణాలను ట్యూబులో రసాయనాలతో బలవంతంగా ఉద్రేకపరచి, అప్పుడు అవి ఎంత సైటోకైన్ తయారుచేస్తాయో లెక్కిస్తాయి. అంటే ఆ అంకె శరీరంలో ఉన్న స్థితిని కాక, గట్టిగా కదిలించినప్పుడు కణం చేయగల పనిని చూపుతుంది. ‘సాధారణ స్థాయి’ అని పక్కన రాసిన గీతలు ఎవరిని పరీక్షించి గీసినవో అడగండి. గర్భం సహజంగా నిలిచిన స్త్రీలను అదే రోజుల్లో పరీక్షించి గీసినవి కాకపోతే వాటికి విలువ తక్కువ.

ముందు వరసలో ఉండవలసిన పరీక్షలు

డబ్బూ ఓపికా పరిమితం కనుక, ఫలితాన్ని బట్టి చికిత్స నిజంగా మారే పరీక్షలకు ముందు చోటివ్వాలి. రోగనిరోధక సంబంధమైనవాటిలో ఆ అర్హత స్పష్టంగా ఉన్నది, సొంత శరీరం మీదకే తిరిగే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్ష. రెండు లేక అంతకంటే ఎక్కువసార్లు గర్భం పోయిన స్త్రీలకు లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా2 గ్లైకోప్రోటీన్ పరీక్షలు చేసి, సానుకూలంగా వస్తే కనీసం 12 వారాల వ్యవధి తరువాత మళ్లీ చేయాలి. రెండోసారి చేయకుండానే యాంటీఫాస్ఫోలిపిడ్ జబ్బు ఉందని నిర్ధారించడం సరికాదు, ఎందుకంటే ఏదైనా ఇన్ఫెక్షన్ తరువాత ఇవి కొంతకాలం కనబడి పోతుంటాయి. హెపారిన్ సూదులు తీసుకుంటూ ఉంటే లూపస్ యాంటీకోయాగ్యులెంట్ ఫలితం తప్పుదోవ పట్టవచ్చు కనుక ఆ సంగతి ల్యాబుకు ముందే చెప్పాలి. జబ్బు ఉందని తేలితే తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ కలిపి ఇస్తారు. ఈ సమస్యను కేవలం రక్తం గడ్డకట్టడంగా చూడటం అలవాటే కానీ, ఎలుకల మీద జరిగిన పరిశోధనలో ఈ యాంటీబాడీలు కాంప్లిమెంట్ అనే రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టి పిండాన్ని దెబ్బతీస్తాయని, హెపారిన్ ఆ రెచ్చగొట్టడాన్ని అడ్డుకోవడం వల్లనే అక్కడ మేలు చేసిందని తేలింది.

దాని తరువాత థైరాయిడ్ పరీక్ష, గర్భాశయ ఆకారాన్ని చూసే త్రీడీ స్కాన్. గర్భం పోయినప్పుడు ఆ కణజాలానికి క్రోమోజోమ్ పరీక్ష చేయించడం చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో ఇది పెద్ద లోటు. తొలి నెలల్లో పోయే గర్భాలలో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల లెక్క తప్పడం వల్లనే పోతాయి. ఆ సంగతి ఒకసారి కాగితం మీద తేలితే, తల్లి రోగనిరోధక వ్యవస్థ మీద నింద మోపడం అక్కడితో ఆగిపోతుంది. డెసిడువాగా మారిన కణాలు బలహీనమైన పిండాన్ని గుర్తించి సైటోకైన్ల స్పందనను మార్చుకుంటాయని కూడా ప్రయోగశాల పరిశోధనలు చూపించాయి. అంటే లోపొరలో కనిపించే ‘వాపు’ కొన్నిసార్లు కారణం కాదు, పిండంలోని లోపానికి ఫలితం.

మన దేశంలో మరొకటి తప్పక ఆలోచించాలి. గర్భాశయ క్షయ సంతానలేమికి ముఖ్యమైన కారణాలలో ఒకటి, అది లోపొరను శాశ్వతంగా దెబ్బతీయగలదు. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చి ఉన్నా, బహిష్టు స్రావం బాగా తగ్గినా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఇమ్యూన్ చికిత్సల సందర్భంలో దీనికి ఇంకో కోణం ఉంది. శరీరంలో నిద్రాణంగా ఉన్న క్షయ క్రిములను గోడ కట్టి బంధించి ఉంచేది ముఖ్యంగా టీఎన్‌ఎఫ్ ఆల్ఫానే. గర్భం నిలవడం కోసమని ఆ అణువును అడ్డుకునే సూదులు వేస్తే, ఆ గోడ కూలి క్షయ తిరగబెట్టే ప్రమాదం ఉంది. స్టీరాయిడ్లతోనూ ఆ భయం కొంత ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష లేకుండా అటువంటి మందు మొదలుపెడితే నేనైతే ఒప్పుకోను. క్షయ పరిశోధనకు దేశంలోనే పేరున్న భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సంస్థ చెన్నైలోని చెట్‌పేట్‌లో ఉండగా, ఈ నగరంలో ఈ ప్రశ్న అడగడానికి వెనకాడవలసిన పని లేదు.

మందులు రాసినప్పుడు

ప్యానెల్ ఫలితం ‘అధికం’ అని వచ్చాక రాసే మందులు దాదాపుగా ఒక్కటే వరసలో ఉంటాయి. ప్రెడ్నిసొలోన్ వంటి స్టీరాయిడ్, సిరలోకి ఎక్కించే ఇంట్రాలిపిడ్, దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలైన ఇమ్యునోగ్లోబ్యులిన్, తెల్లకణాలను పెంచే జీసీఎస్‌ఎఫ్ సూదులు, భర్త రక్తకణాలతో చేసే లింఫోసైట్ చికిత్స. వీటి గురించి తెలిసినదాన్ని క్లుప్తంగా చెబుతాను.

స్టీరాయిడ్ మీద ఇటీవలి పెద్ద ప్రయోగం చైనాలో జరిగింది. ట్రాన్స్‌ఫర్లు పదేపదే ఫలించని 715 మంది స్త్రీలకు రోజుకు 10 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోన్ గానీ, మందు లేని మాత్ర గానీ ఇచ్చారు. 2023లో వెలువడిన ఫలితాల ప్రకారం బిడ్డ పుట్టిన వారు మందు తీసుకున్న వర్గంలో 37.8 శాతం, తీసుకోని వర్గంలో 38.8 శాతం. అంటే ప్రయోజనం లేదు. పైగా హెచ్‌సీజీ కనిపించి వెంటనే పోయిన గర్భాలు, నెలలు నిండని కాన్పులు మందు తీసుకున్న వర్గంలోనే ఎక్కువ. మధుమేహం ఇంటింటా ఉన్న మన కుటుంబాలలో స్టీరాయిడ్ రక్తంలో చక్కెరను పెంచుతుందన్నది కూడా చిన్న విషయం కాదు.

జీసీఎస్‌ఎఫ్ కూడా ఒక సైటోకైనే. కారణం తెలియని గర్భస్రావాలు పదేపదే జరిగిన 150 మంది స్త్రీలపై బ్రిటన్‌లో జరిపిన ప్రయోగం ఫలితాలు 2019లో వచ్చాయి. అందులో బిడ్డ పుట్టిన వారు మందు వర్గంలో 59.2 శాతం, మందు లేని వర్గంలో 64.9 శాతం. ఏ ఎలుకల ప్రయోగం వల్ల అందరిలో ఆశ పుట్టిందో ఆ ఎల్‌ఐఎఫ్‌నే మనుషులకు సూదిగా ఇచ్చి చూసిన ప్రయోగం 2009లో ప్రచురితమైంది; దానిలోనూ మేలు కనబడలేదు. లోపల ఒక చోట, కొద్ది రోజులు, కొద్ది మోతాదులో వెలువడే అణువును శరీరమంతటికీ సూదితో ఇచ్చినప్పుడు అదే పని జరుగుతుందని ఆశించడంలోనే చిక్కు ఉంది. భర్త తెల్లకణాలను భార్యకు ఎక్కించే చికిత్సపై కేరొల్ ఓబర్ బృందం 1999లో ప్రచురించిన ప్రయోగంలో, చికిత్స పొందిన వారిలో గర్భం 28 వారాలు దాటింది 36 శాతానికే, పొందని వారిలో 48 శాతానికి. ఆ తరువాత 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరిశోధన అనుమతి లేకుండా దాన్ని చేయవద్దని చెప్పింది. ఈ చికిత్సను ఎవరైనా సూచిస్తే రెండో అభిప్రాయం కోసం మరో చోటికి వెళ్లడం మంచిదని నా సలహా.

ఇంట్రాలిపిడ్ సోయా నూనె, గుడ్డులోని ఫాస్ఫోలిపిడ్‌లతో తయారైన కొవ్వు ద్రావణం. తినలేని రోగులకు పోషణ కోసం కనిపెట్టినది. గుడ్డు, సోయా అలెర్జీ ఉన్నవారికి ఇది తగదు. పిండం నిలవడానికి ఇది తోడ్పడుతుందనడానికి గట్టి ఆధారం లేదు, ఐరోపా సంతానోత్పత్తి వైద్యుల సంఘం ఎష్రే కూడా దీన్ని సిఫారసు చేయదు. ఇమ్యునోగ్లోబ్యులిన్ విషయంలో మాత్రం కొంచెం తేడా ఉంది. కారణం తెలియకుండా నాలుగు లేక అంతకంటే ఎక్కువ గర్భాలు పోయిన స్త్రీలలో, గర్భం వచ్చిన తొలి రోజుల్లోనే అధిక మోతాదులో పదేపదే ఇస్తే ఉపయోగపడవచ్చునని ఎష్రే తన సవరించిన మార్గదర్శకాల్లో ఒప్పుకుంది. ఒకటి రెండు ట్రాన్స్‌ఫర్లు విఫలమైన వారికి ఈ మాట వర్తించదు.

ప్రొజెస్టిరాన్ పేరు ఇమ్యూన్ ప్యానెల్‌లో ఉండదు గానీ, లోపొరలోని సైటోకైన్ల సమతూకాన్ని సహజంగా నిలబెట్టేది అదే. తొలి నెలల్లో రక్తస్రావం కనిపించిన 4,153 మంది స్త్రీలపై బ్రిటన్‌లో జరిగిన ప్రిజమ్ ప్రయోగం ఫలితాలు 2019లో వచ్చాయి. మొత్తం మీద తేడా స్వల్పమే, బిడ్డ పుట్టిన వారు ప్రొజెస్టిరాన్ వాడిన వర్గంలో 75 శాతం, వాడని వర్గంలో 72 శాతం. కానీ అంతకు ముందు మూడు లేక ఎక్కువ గర్భాలు పోయి, ఈసారి రక్తస్రావం కనిపించిన వారిలో ప్రొజెస్టిరాన్ వాడిన వర్గంలో 72 శాతం మందికి, వాడని వర్గంలో 57 శాతం మందికి బిడ్డలు పుట్టారు. ఇంత సాదా మందు ముందు ఖరీదైన సూదులు వెలవెలబోవడం ఆలోచించదగిన విషయం.

డాక్టరు గదిలో

అడగడానికి మొహమాటపడటం మన అలవాటు. ప్రశ్నను మర్యాదగా, నిర్దిష్టంగా అడిగితే మంచి డాక్టరు నొచ్చుకోరు. ‘మేడమ్, ఈ పరీక్ష ఫలితం ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా మా చికిత్స మారుతుందా?’ అన్నది మొదటి ప్రశ్న. మారదంటే పరీక్ష అవసరం లేదు. మారుతుందంటే, ‘ఆ మందు వాడినవారిలో వాడనివారికంటే ఎక్కువమందికి బిడ్డలు పుట్టినట్టు ప్రయోగాల్లో తేలిందా?’ అని అడగాలి. గర్భం వచ్చిందన్న లెక్క చాలదు, బిడ్డ పుట్టిన లెక్కే అడగాలి, ఎందుకంటే పైన చెప్పిన చైనా ప్రయోగంలో హెచ్‌సీజీ కనిపించాక వెంటనే పోయిన గర్భాలు మందు తీసుకున్న వర్గంలోనే ఎక్కువ. మొట్టమొదటి ట్రాన్స్‌ఫర్‌కు ముందే, ఏ నష్టమూ జరగకుండానే ఈ ప్యానెల్ రాస్తే, అది ఎందుకో తప్పనిసరిగా అడగండి. దానికి సమర్థన నాకు కనిపించదు.

సహాయక ప్రత్యుత్పత్తి సాంకేతిక చట్టం 2021 నాటిది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. చికిత్స వల్ల కలిగే మేలు, కీడు, ఖర్చు, దుష్ప్రభావాలు దంపతులకు ముందే వివరించి, రాతపూర్వక సమ్మతి తీసుకోవలసిన బాధ్యతను అది కేంద్రాల మీద పెట్టింది. కాబట్టి వివరణ కోరడం మీ హక్కు. తమిళం, ఇంగ్లీషు పూర్తిగా అర్థం కాకపోతే, తెలుగు తెలిసిన కౌన్సిలర్‌నో నర్సునో ఉండమని ముందే కోరండి. చెన్నైలో అటువంటివారు దొరకడం కష్టం కాదు. అర్థం కాని కాగితం మీద ఆ పూట సంతకం చేయకుండా, ఇంటికి తీసుకెళ్లి చదివి మర్నాడు చేస్తామని చెప్పవచ్చు. ఖర్చు భరించలేని వారు, రెండో అభిప్రాయం కావలసినవారు ఎగ్మూరులోని ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలను కూడా దృష్టిలో ఉంచుకోవాలి.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు ఫైలులో ఉండవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రతి గర్భం ఎన్ని వారాలకు పోయిందో, స్కాన్‌లో గుండె కదలిక కనిపించిందో లేదో, ప్రతి ట్రాన్స్‌ఫర్‌లో పిండం ఎన్నో రోజుదో, ఏ గ్రేడుదో, ప్రొజెస్టిరాన్ ఎప్పుడు మొదలుపెట్టారో తారీఖులతో రాసిపెట్టుకోండి. సైటోకైన్ రిపోర్టు కట్టలకంటే ఈ ఒక్క పేజీ కొత్త డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇప్పటికే స్టీరాయిడ్ మొదలుపెట్టి ఉంటే, ఇది చదివి దాన్ని మీ అంతట మీరు ఆపవద్దు. కొన్ని వారాల పాటు వాడిన స్టీరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే శరీరం సొంతంగా తయారుచేసుకునే కార్టిసాల్ అందక నీరసం, వాంతులు, రక్తపోటు పడిపోవడం వంటివి రావచ్చు. డాక్టరు చెప్పిన ప్రకారం మోతాదును మెల్లగా తగ్గించాలి. ఆ మందు వాడే రోజుల్లో జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకొని ఇంట్లో కూర్చోకుండా అదే రోజు డాక్టరును కలవండి, వాడుతున్న మందుల చీటీని వెంట తీసుకెళ్లండి. రోగనిరోధక వ్యవస్థను అణచే సూదులు తీసుకుంటున్నవారు టీకాలు వేయించుకునే ముందు కూడా ఆ సంగతి చెప్పాలి. బతికున్న క్రిములతో చేసిన టీకాలు ఆ సమయంలోనూ, గర్భంతో ఉన్నప్పుడూ తగవు.